మెగాడెత్ చివరి ఆల్బమ్: ఇది థ్రాషేనా? వైజాగ్ వాళ్లు చెప్పండి

పాతక్యాసెట్ (శనివారం, రాత్రి 10:12)

2026 జనవరి 23న అమెరికా థ్రాష్ (మెరుపు వేగంతో వాయించే హెవీ మెటల్) బ్యాండ్ మెగాడెత్ చివరి ఆల్బమ్ వచ్చింది. బ్యాండ్ పేరే దానికీ పెట్టారు. ఇదే ఆఖరిది, దీని తర్వాత వీడ్కోలు టూర్, అక్కడితో సరి అని బ్యాండ్ పెట్టిన గాయకుడు, గిటారిస్ట్ డేవ్ మస్టేన్ 2025 ఆగస్టులో ప్రకటించిన దగ్గర్నుంచీ కాచుకుని కూర్చున్నాను. నైట్ షిఫ్ట్ దిగి ప్లాంటు నుంచి గాజువాక వస్తూ బస్సులో విన్నాను. ఇంటికొచ్చి పెద్ద స్పీకర్ల మీద మళ్లీ విన్నాను.

టిప్పింగ్ పాయింట్ పాట బాగుంది, ఒప్పుకుంటాను. వేగం ఉంది, చేతిలో పదును ఉంది. ఆ తర్వాత? సగం ఆల్బమ్ హార్డ్ రాక్. ఐ డోంట్ కేర్ లాంటి పాటని 1990లో అయితే మస్టేన్ డెమో టేపు మీద కూడా ఉంచేవాడు కాదు. ఆ ఏడాది వచ్చిన రస్ట్ ఇన్ పీస్ ఆల్బమ్‌లో ఒక పాటలో నాలుగు పాటలకు సరిపడా రిఫ్‌లు (గిటార్ మీద మళ్లీ మళ్లీ వచ్చే వరసలు) ఉండేవి. అందులోని హ్యాంగర్ 18 పాటలో గిటార్ సోలోలు ఒకదాని వెనక ఒకటి తోసుకుంటూ వస్తే వినేవాడికి ఊపిరాడేది కాదు. ఇక్కడ ఒక రిఫ్, ఒక పల్లవి, మళ్లీ అదే రిఫ్.

అన్నిటికంటే మండింది ఆఖర్న. రైడ్ ది లైట్నింగ్ మళ్లీ రికార్డు చేసి పెట్టాడు. అది 1984లో మెటాలికా పాట. తన ఆఖరి ఆల్బమ్ చివర వేరే బ్యాండ్ పాట పెట్టుకునే మనిషిని ఏమనాలో మీరే చెప్పండి.

జగదాంబ_జంక్షన్ (10:20)

మాగాయ జాడీ అని మూత తీస్తే టమాటా సాస్ కనపడింది. నా రివ్యూ అంతే.

మెకానిక్స్85 (10:31)

వేరే బ్యాండ్ పాట కాదు. మెగాడెత్ పెట్టకముందు మస్టేన్ మెటాలికాలోనే ఉన్నాడు, ఆ పాట రాసినవాళ్లలో ఒకడు. హెట్‌ఫీల్డ్, అల్రిక్, బర్టన్, మస్టేన్: నాలుగు పేర్లూ మెటాలికా ఆల్బమ్ అట్ట మీదే ఉన్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు. అదే ఆల్బమ్‌లో ద కాల్ ఆఫ్ క్తులు మీద కూడా అతని పేరుంది. మెటాలికా మొదటి ఆల్బమ్ కిల్ ’ఎమ్ ఆల్‌లో నాలుగు పాటల మీద ఉంది. తను రాసిన పాటని తను పాడుకుంటే మీకెందుకు మంట?

డబుల్_కిక్ (10:34)

పాటల సంగతి తర్వాత చూద్దాం. ఆ స్నేర్ (టపటపా మోగే చిన్న డ్రమ్ము) ఏంటి గురూ? డర్క్ వెర్బ్యూరెన్ మామూలు డ్రమ్మర్ కాదు, పాత బ్యాండ్ సాయిల్‌వర్క్ రోజుల నుంచీ వింటున్నాను. కానీ రికార్డింగ్‌లో ప్రతి దెబ్బా ఒకే బరువుతో పడుతోంది. రస్ట్ ఇన్ పీస్‌లో నిక్ మెంజా కొడితే ఒక దెబ్బ గట్టిగా, ఒకటి మెత్తగా, మనిషి కొడుతున్నట్టు తెలిసేది. థ్రాష్ పోయింది గిటార్‌లో కాదు, స్నేర్‌లో.

పాతక్యాసెట్ (10:45)

@మెకానిక్స్85 పేరుండటం వేరు, పాట తనదవడం వేరు. అతన్ని 1983 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో బస్సెక్కించి లాస్ ఏంజిలస్ పంపేశారు. ఆ పాటని ఆ తర్వాత ఏడాది పూర్తి చేసింది, పాడింది, ప్రపంచమంతా తిప్పి వాయించింది మెటాలికా. చెమట ఎవరు కార్చితే పాట వాళ్లది. పైగా రాయల్టీ కూడా వస్తోంది కదా, ఇంకేం కావాలి?

మెకానిక్స్85 (10:52)

చెమట అంతకుముందు కార్చలేదా? రిఫ్ ఆకాశం నుంచి ఊడిపడిందా?

కిల్ ’ఎమ్ ఆల్‌లోని ద ఫోర్ హార్స్‌మెన్ సంగతే చూడండి. ఆ పాటకి మూలం మస్టేన్ రాసిన మెకానిక్స్. వాళ్లు దాన్ని నెమ్మది చేసి, మధ్యలో ఒక భాగం చేర్చి, పదాలు మార్చి 1983లో వేశారు. 1985లో మెగాడెత్ మొదటి ఆల్బమ్‌లో అతను దాన్నే తన వేగంతో వాయించి చూపించాడు. మొదటి ఆల్బమ్‌లో ఒకటి, చివరి ఆల్బమ్‌లో ఒకటి. నాకైతే లెక్క సరిపోయింది.

కొత్తచెవులు (11:05)

అన్నలూ, మధ్యలో వస్తున్నాను. నేను డిగ్రీ రెండో ఏడు, మద్దిలపాలెంలో ఉంటాను. నాకు మెగాడెత్ పరిచయమైంది 2016 ఆల్బమ్ డిస్టోపియాతో. రస్ట్ ఇన్ పీస్ ఆ తర్వాత విన్నాను. రెండూ నచ్చాయి. కొత్తదీ నచ్చింది, ముఖ్యంగా లెట్ దేర్ బి ష్రెడ్ పాట. టేము మాంటిసారి అనే ఫిన్లాండ్ గిటారిస్ట్ ఎంత హాయిగా వాయిస్తున్నాడో! ముందు గిటారిస్ట్ కీకో వెళ్లిపోయాక అయిపోయిందనుకున్నాను, కాలేదు. ఇందులో తప్పేముందో అర్థం కావడం లేదు.

పాతక్యాసెట్ (11:14)

తమ్ముడూ, తప్పు నీది కాదు. నీకు ఫోన్ వినిపించింది, నువ్వు విన్నావు. మేం ఒక ఆల్బమ్ వినాలంటే డాబాగార్డెన్స్‌లో రికార్డింగ్ షాపుల చుట్టూ తిరిగేవాళ్లం. ఖాళీ క్యాసెట్ కొనిచ్చి, వాడు ఎప్పుడు కాపీ చేసిస్తాడా అని ఎదురు చూసేవాళ్లం. రస్ట్ ఇన్ పీస్ ఒరిజినల్ క్యాసెట్ కోసం ఒక దసరాకి కొత్త బట్టలు మానేశాను. 2008లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెగాడెత్ వాయిస్తోందంటే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో జనరల్ బోగీలో వెళ్లాను. పర్సు కొట్టేశారు. తిరుగు ప్రయాణంలో టీ నీళ్లు కూడా లేవు. అలా విన్న సంగీతం ఇది.

కొత్తచెవులు (11:17)

అన్నా, మీ పర్సు పోయినందుకు బాధగానే ఉంది. కానీ దానికీ కొత్త ఆల్బమ్‌లో రిఫ్‌కీ ఏంటి సంబంధం?

జగదాంబ_జంక్షన్ (11:18)

😂😂

ఫేడర్ (11:40)

నేను ఫంక్షన్లకి, స్టేజి షోలకి సౌండ్ చూస్తాను. ఆ వైపు నుంచి ఒక మాట.

పాతక్యాసెట్ గారూ, మీరు పోల్చి చూస్తున్న రస్ట్ ఇన్ పీస్ ఏ సంవత్సరానిది? మస్టేన్ 2004లో పాత ఆల్బమ్‌లు చాలావరకు మళ్లీ మిక్స్ (గొంతు, వాయిద్యాల పాళ్లు సరిచూడటం) చేయించాడు. రస్ట్ ఇన్ పీస్‌లో కొన్ని చోట్ల పాత గొంతు టేపులు దొరక్క కొత్తగా పాడి అతికించాడు. డ్రమ్ముల శబ్దం మారింది, గిటార్లు ముందుకొచ్చాయి. ఆ తర్వాత పుట్టిన చెవులు చాలావరకు విన్నది ఈ రెండో రూపమే. అంటే ఈ తమ్ముడు వింటున్న ‘1990’లో కొంత 2004 ఉంది. పాత సౌండు, పాత సౌండు అని కొట్టుకుంటున్నారు గానీ, ఆ పాతదాన్ని కూడా మార్చి పెట్టింది మస్టేనే.

గొంతు విషయం కూడా. 2019లో అతనికి గొంతు క్యాన్సర్ వచ్చింది. రేడియేషన్, కీమో రెండూ చేయించుకున్నాడు. 64 ఏళ్లు నిండాయి. అంతకుముందు 2002లో ఎడమ చెయ్యి నరం దెబ్బతిని గిటార్ పట్టలేక బ్యాండునే మూసేశాడు, మళ్లీ నేర్చుకుని 2004లో తిరిగొచ్చాడు. కొత్త ఆల్బమ్‌లో కింది స్థాయిలో, పళ్లు బిగించి మాట్లాడినట్టు పాడుతున్నాడంటే అది శైలి మార్చుకోవడం కాదు. ఉన్న గొంతుతో పాడుతున్నాడు.

పాతక్యాసెట్ (11:52)

నా దగ్గరున్నది ఒరిజినల్ క్యాసెట్ అమ్మా. 2004 మిక్స్ నేను ముట్టుకోను.

గొంతు గురించి నేను ఒక్క మాటన్నానా? జబ్బు చేసిన మనిషిని వెక్కిరించేంత నీచుణ్ణి కాదు. నేను అడిగేది పాట రాసే బుర్ర గురించి. గొంతు పోతే రిఫ్ కూడా పోవాలా?

డబుల్_కిక్ (11:55)

@ఫేడర్ మీరు సౌండ్ మనిషి కాబట్టి అడుగుతున్నాను. ఆ స్నేర్ శాంపిల్ (ముందే రికార్డు చేసి ఉంచిన దెబ్బ) పెట్టి బలపరిచిందా, లేక నిజంగా అలాగే కొట్టాడా?

ఫేడర్ (11:59)

బయటినుంచి విని తేల్చి చెప్పలేను. ఈ రోజుల్లో మెటల్ రికార్డింగ్‌లో అసలు దెబ్బ కింద శాంపిల్ కలపడం మామూలే. చెడ్డగా చేస్తేనే తెలుస్తుంది.

డబుల్_కిక్ (ఆదివారం, 12:01)

నాకు తెలిసింది కదా. అంటే చెడ్డగా చేశారు.

మెకానిక్స్85 (ఆదివారం, ఉదయం 9:20)

నిద్ర లేచి అంతా చదివాను. పాతక్యాసెట్ గారి వాదనలో ఒక చిక్కుంది.

మెగాడెత్ ‘పాత సౌండ్’ ఎన్నాళ్లుంది? 1985, 1986, 1988, 1990. నాలుగు ఆల్బమ్‌లు. వాటిలోనూ మొదటి రెండింటికి గిటార్ క్రిస్ పోలండ్, డ్రమ్ములు గార్ శామ్యుల్‌సన్: ఇద్దరూ జాజ్ ఫ్యూజన్ (జాజ్, రాక్ కలిపిన సంగీతం) నుంచి వచ్చినవాళ్లు. 1986 ఆల్బమ్ పీస్ సెల్స్‌లో డ్రమ్ములు వినండి, ఊగుతుంటాయి. మూడోదానికి అదే వరసలో జెఫ్ యంగ్, చక్ బేలర్. నాలుగోదానికి ఫ్రీడ్‌మన్, మెంజా. మనుషులు మారారు, సౌండూ మారింది. 1992లో కౌంట్‌డౌన్ టు ఎక్స్‌టింక్షన్ వచ్చేసరికి వేగం తగ్గించి పాటలు చిన్నవి చేశాడు, అమెరికా చార్టులో రెండో స్థానానికి వెళ్లింది. అంటే మారిపోయాడని ఏడవాలంటే 1992లోనే ఏడవాలి. 2026 దాకా ఆగారెందుకు?

పాతక్యాసెట్ (9:48)

కౌంట్‌డౌన్ వేరు. అందులో ఫ్రీడ్‌మన్ ఉన్నాడు.

కొత్తచెవులు (9:50)

అన్నా, రిస్క్ ఆల్బమ్‌లో కూడా ఫ్రీడ్‌మన్ ఉన్నాడు కదా?

పాతక్యాసెట్ (9:58)

రిస్క్ గురించి నా ముందు ఎత్తొద్దు. 1999లో దాని కోసం డబ్బు కట్టాను.

చూడండి, మారడం ఒక్కటే కాదు నా గొడవ. ఎందుకు మారాడన్నది ముఖ్యం. రిస్క్ ఎందుకు చేశాడు? మెటాలికా బ్లాక్ ఆల్బమ్‌తో కోట్లు సంపాదించింది, నేనూ రేడియోలో వినపడాలి అని. క్రష్ ’ఎమ్ లాంటి డిస్కో దరువు పాట చేసి కుస్తీ పోటీల్లో వాయించాడు. ఆ తర్వాత ఫ్రీడ్‌మన్ వెళ్లిపోయాడు. డబ్బు కోసమో పేరు కోసమో దరువు నెమ్మది చేసినవాడు ఎన్ని ఆల్బమ్‌లతో కడుక్కున్నా ఆ వాసన పోదు. కొత్త ఆల్బమ్‌లోనూ నాకు ఆ వాసన తగిలింది.

మెకానిక్స్85 (10:10)

డబ్బు అక్కర్లేదా సంగీతకారుడికి? గాలి తిని బతకాలా? మీకు ప్లాంటులో నెలకి జీతం పడుతుంది కాబట్టి వేరేవాళ్ల నిజాయితీకి కాపలా కాస్తున్నారు.

పాతక్యాసెట్ (10:19)

నా ఉద్యోగం జోలికి రావద్దు. నేనేం ఊరికే కబుర్లు చెప్పడం లేదు. నేనూ వాయించాను. 2004లో మాకు కాలేజీ బ్యాండ్ ఉండేది. మద్దిలపాలెంలో మేడ మీద ఒక గదిలో గుడ్డలు కప్పి ప్రాక్టీసు చేసేవాళ్లం, కింద ఇంటాయన కర్ర పుచ్చుకుని పైకొచ్చేవాడు. ఫెస్ట్‌లో అందరూ సినిమా పాటలు వాయిస్తే మేం మూడు థ్రాష్ పాటలు వాయించాం, ఒకటి మా సొంతది. కీబోర్డు వాళ్లకి కొట్టిన చప్పట్లు మాకు పడలేదు. అయినా మార్చలేదు. ఒక్క నోటు మార్చలేదు. అదీ థ్రాష్ అంటే.

మెకానిక్స్85 (10:41)

ఆ సొంత పాట మొదటి రిఫ్ ఎవరిది?

పాతక్యాసెట్ (10:44)

అంటే?

మెకానిక్స్85 (10:46)

మొదటి రిఫ్. మూడో తీగ మీద మొదలై కిందికి దిగేది. ఎవరు తెచ్చారు దాన్ని ప్రాక్టీసుకి?

పాతక్యాసెట్ (10:58)

బ్యాండు రాసింది.

మెకానిక్స్85 (11:03)

బ్యాండు రాసిందట. బ్యాండుకి చేతులున్నాయా?

సీతమ్మధారలో మా ఇంటి వరండాలో కూర్చుని నేను కట్టిన రిఫ్ అది. ఫెస్ట్‌కి నన్ను తీసేశారు, రిఫ్‌ని మాత్రం ఉంచుకున్నారు. మైకులో ‘మా సొంత కంపోజిషన్’ అని చెప్తుంటే నేను గుంపులో వెనక నిలబడి విన్నాను. నీకు తెలియదు నేనొచ్చానని.

జగదాంబ_జంక్షన్ (11:04)

అయ్యబాబోయ్

పాతక్యాసెట్ (11:20)

ఒరేయ్. నువ్వా.

ఇన్నాళ్లూ ఇక్కడ నాతో మీరు, గారు అంటూ మాట్లాడుతున్నది నువ్వా?

మెకానిక్స్85 (11:22)

నువ్వేనని నాకు మొదట్నుంచీ తెలుసు. నువ్వు క్యాసెట్ అట్ట ఫోటో పెట్టినప్పుడే. దాని మూల చిరిగింది నా చేతిలో.

మోడరేటర్ (11:25)

ఇద్దరికీ మనవి. అసలు పేర్లు, కాలేజీ పేరు ఎవరూ బయటపెట్టొద్దు. చర్చ ఆల్బమ్ మీద ఉంచండి.

డబుల్_కిక్ (11:26)

ఆల్బమ్ మీదే అయితే, స్నేర్ గురించి నాకెవరూ సరిగ్గా జవాబు చెప్పలేదు.

పాతక్యాసెట్ (11:49)

చెప్పాల్సింది చెప్తాను, మోడరేటర్ గారు తీసేస్తే తీసేయండి.

అవును, తీసేశాం. ఎందుకు తీశామో కూడా చెప్పొద్దా? పెళ్లిళ్ల సీజన్లో ఆర్కెస్ట్రాతో వెళ్లిపోయేవాడివి. భీమిలి ఒకసారి, అనకాపల్లి ఒకసారి, విజయనగరం ఒకసారి. మేం నలుగురం గదిలో కూర్చుని నీ కోసం చూస్తుండేవాళ్లం. వచ్చినప్పుడు ఏమన్నావు? పల్లవి దగ్గర దరువు సగానికి తగ్గిద్దాం, క్లీన్ గిటార్ (గరగర లేని మెత్తటి శబ్దం) పెడదాం, జనం పట్టుకుంటారు అన్నావు. రిస్క్ దెబ్బ నాకు ఇంకా మానలేదు. నాకు ఒళ్లు మండింది. ముందు మారింది నువ్వు. మేం తీసేసేలోపే నువ్వు వెళ్లిపోయావు.

మెకానిక్స్85 (12:15)

ఆర్కెస్ట్రాకి ఎందుకెళ్లానో అప్పుడు ఒక్కడైనా అడిగాడా? గిటార్ వాయిదా కట్టాలి. మీరంతా ఇంట్లో అడిగితే ఇచ్చేవాళ్లు. మా నాన్న సంగీతమంటేనే మండిపడేవాడు. ఒక పెళ్లికి వాయిస్తే వాయిదాలో సగం వచ్చేది.

నెమ్మది చెయ్యమన్నమాట నిజం. ఇప్పుడూ అదే అంటాను. ఆ రిఫ్ అంత వేగంలో వినపడేది కాదు, మీ డ్రమ్మర్ దాన్ని తొక్కేసేవాడు. రస్ట్ ఇన్ పీస్‌లో హోలీ వార్స్ వినలేదా? మధ్యలో ఆగి, నెమ్మదించి, మళ్లీ పరిగెత్తుతుంది. వేగం తగ్గించిన ప్రతివాడూ అమ్ముడుపోయినవాడు కాదు.

నేను ఈ రోజుకీ వాయిస్తున్నాను. విభావరుల్లో సినిమా పాటలే కావచ్చు, పిల్లలకి పాఠాలే కావచ్చు. నువ్వు ఆ ఫెస్ట్ తర్వాత ఎన్నిసార్లు గిటార్ ముట్టుకున్నావు? వాయించడం మానేసినవాడు వాయించేవాడికి నిజాయితీ నేర్పుతున్నాడు. మస్టేన్ చెయ్యి పడిపోయినా మళ్లీ నేర్చుకుని 64 ఏళ్లకి ఇంకో ఆల్బమ్ చేశాడు. నీకు చేతులు రెండూ బాగానే ఉన్నాయి.

పాతక్యాసెట్ (12:21)

అలా వాయించాల్సి వస్తే అసలు వాయించకపోవడమే మేలనుకున్నాను. అనుకున్నాను కాబట్టే ఆపేశాను. అది నా ఇష్టం.

కొత్తచెవులు (12:24)

ఒక్క మాట అనొచ్చా? ఇద్దరూ వేరే వేరే ప్రశ్నలకి జవాబు చెప్తున్నారు. ఒకరు ఎందుకు మారావు అంటున్నారు, ఇంకొకరు నా పేరెక్కడ అంటున్నారు.

మెకానిక్స్85 (12:30)

అదే తమ్ముడూ. నీకు అర్థమైంది.

2017లో డిస్టోపియాకి గ్రామీ వచ్చింది, మెగాడెత్‌కి అదే మొదటిది. మస్టేన్ బహుమతి కోసం స్టేజి ఎక్కుతుంటే అక్కడి హౌస్ బ్యాండ్ ఏం వాయించిందో తెలుసా? మెటాలికా పాట, మాస్టర్ ఆఫ్ పప్పెట్స్. అందరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. అయినా అతనికి నాలుగు పేర్లలో ఒక పేరుంది. ఎవరైనా అట్ట తిప్పి చదివితే కనపడుతుంది. నాకు ఆ అట్ట కూడా లేదు.

ఫేడర్ (12:52)

మీ బాధ అర్థమైంది. కానీ మస్టేన్‌ని అడ్డం పెట్టుకుని వాదించకండి, అది మీకే ఎదురు తిరుగుతుంది. తనని తీసేశారని జన్మంతా మండిన మనిషి ఎంతమందిని తీసేశాడు? జెఫ్ యంగ్‌ని, చక్ బేలర్‌ని ఒక్క ఆల్బమ్‌కే పంపేశాడు. మెంజాని 1998లో పంపాడు. మొదట్లో తనతో కలిసి మెగాడెత్ మొదలుపెట్టిన బేస్ గిటారిస్ట్ ఎలెఫ్‌సన్‌ని 2021లో తీసేసి, ఆల్బమ్ కోసం అతను అప్పటికే వాయించిన బేస్ కూడా చెరిపి వేరే మనిషితో వాయింపించాడు. తీసేసినవాడి రిఫ్ వాడుకున్నందుకు ఒక బాధ, తీసేసినవాడి బేస్ చెరిపేసినందుకు ఒక బాధ. ఏది ఎక్కువ అన్యాయమో నాకు తెలియదు.

నాకూ ఉంది ఇలాంటిది. ఒక పెద్ద షోకి రెండు రోజులు సౌండ్ సెట్ చేశాను. షో మొదలయ్యే వేళకి ‘అమ్మాయి చూస్తే బాగోదు’ అని నిర్వాహకులు వేరే మనిషిని కూర్చోబెట్టారు. నా సెట్టింగులు మాత్రం ముట్టుకోలేదు. మర్నాడు పేపర్లో సౌండ్ బాగుందని రాశారు.

మెకానిక్స్85 (1:05)

ఎలెఫ్‌సన్ సంగతి వేరు.

ఫేడర్ (1:06)

ఎవరి సంగతి వాళ్లకి వేరే ఉంటుంది లెండి.

పాతక్యాసెట్ (1:20)

అదీ మాట. బేస్ అంటే గుర్తొచ్చింది, ఇప్పుడు వాయిస్తున్న జేమ్స్ లొమెంజో 2008లో బెంగళూరులోనూ ఉన్నాడు. ఆ రోజు వేదిక మీద ఉన్నవాళ్లలో ఈ ఆల్బమ్‌లో మిగిలింది మస్టేన్, అతనూ ఇద్దరే. ఆ రోజు అతని బేస్ గుండెల్లో తగిలింది. ఈ ఆల్బమ్‌లో గిటార్ల కింద వెతుక్కోవాలి.

మెకానిక్స్85 (1:24)

మాట మార్చకు.

పాతక్యాసెట్ (1:41)

మార్చడం లేదు. విను. ఆ రిఫ్ మొదటి సగం నువ్వు తెచ్చావు. కిందికి దిగాక మళ్లీ పైకి ఎక్కే రెండో సగం నాది. ఆ గదిలో నీ ఎదురుగా కూర్చునే కట్టాను. అది లేకపోతే నీ రిఫ్ గోడకి గుద్దుకుని ఆగిపోయేది. అందుకే బ్యాండు రాసింది అన్నాను. మైకులో నీ పేరు చెప్పొద్దని నేను అనలేదు. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఫెస్ట్‌లో ఎవరి పేర్లు చెప్తారు?

మెకానిక్స్85 (1:44)

తీసేసినవాడి పేరు చెప్పరు. అంతే కదా.

జగదాంబ_జంక్షన్ (1:45)

ఆ పాట రికార్డింగ్ ఉందా ఎవరి దగ్గరైనా? మాకూ వినాలనుంది, తీర్పు మేం చెప్తాం.

పాతక్యాసెట్ (1:58)

ఉంది. ఫెస్ట్‌ది కాదు, ప్రాక్టీసుది. గదిలో టేప్ రికార్డర్ పెట్టి తీశాం. హుద్‌హుద్‌లో మా ఇంటి కిటికీలు ఎగిరిపోయి సామాన్లన్నీ తడిసినా ఆ పెట్టె బీరువా పైన ఉండి బతికింది. అందులో వాయించింది నువ్వే. తీసేయక ముందుది.

మెకానిక్స్85 (2:10)

ఇన్నేళ్లూ నీ దగ్గరే ఉంచుకున్నావా? నాకొక కాపీ ఇవ్వాలని అనిపించలేదా?

పాతక్యాసెట్ (2:12)

నీ నంబర్ ఎవరికి తెలుసు?

కొత్తచెవులు (2:15)

అన్నా, మీరు క్యాసెట్ ఇస్తే నేను కంప్యూటర్లోకి ఎక్కిస్తాను. మా ఫ్రెండ్ దగ్గర డెక్ ఉంది. ఎంవీపీ కాలనీ రైతు బజార్ దగ్గర కలుద్దామా?

పాతక్యాసెట్ (2:33)

క్యాసెట్ నా చెయ్యి దాటదు. నేనే తెస్తాను, ఎక్కించేదాకా పక్కనే కూర్చుంటాను. కింద పేర్లు రాయాల్సి వస్తే అందరివీ రాస్తాం. అక్షర క్రమంలో.

మెకానిక్స్85 (2:35)

అక్షర క్రమంలో అయితే నీ పేరే ముందొస్తుంది. రిఫ్ తెచ్చినవాడి పేరు ముందుండాలి.

పాతక్యాసెట్ (2:36)

సగం రిఫ్.

మెకానిక్స్85 (2:37)

మొదటి సగం.

డబుల్_కిక్ (2:40)

అందులో డ్రమ్మర్ ఎవరు? ‘తొక్కేసేవాడు’ అన్నారు ఇందాక. పేరు చెప్పక్కర్లేదు, స్నేర్ ఏది వాడాడో చెప్పండి చాలు.

పాతక్యాసెట్ (2:52)

అద్దెకి తెచ్చింది. వైర్లు సగం తెగిపోయి ఉండేవి. అయినా ఈ కొత్త ఆల్బమ్ స్నేర్ కంటే నయం.

మెకానిక్స్85 (2:55)

ఆ ఒక్క విషయంలో వీడితో ఏకీభవిస్తున్నాను. రైడ్ ది లైట్నింగ్ విషయంలో మాత్రం కాదు.